అన్న చాపిన ఎడమ చెయ్యి

"కడుక్కునే చెయ్యి నాకిస్తవా అన్నా? గంత అలుసైన్నా నీకు?"

"నీకేం తెలుస్తది, పో."

మా అన్నకూ నాకూ అవే ఆఖరి మాటలు.

నిజాం కాలంలో, దేవరకొండ బడిలో అన్నను స్కౌట్లలో చేర్చుకున్నారు. క్యాంపుకు పోయే పొద్దున ఖాకీ నిక్కరు, మెడకు రుమాలుతో గడపలో నిలబడి నాకు ఎడమ చెయ్యి చాపాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను. అన్న మొఖం చిన్నబోయింది. క్యాంపులో జ్వరమొచ్చి దవాఖానలో పడ్డాడు, మళ్లీ ఇంటికి రాలేదు.

ఈ సంగతి మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆయనకు కూడా చెప్పుకోలేదు.

నిన్న మనవరాలు బడి నుంచి మెడకు అట్లాంటి రుమాలే కట్టుకొచ్చి, ఎడమ చెయ్యే చాపింది. కసిరాను.

"గుండె దిక్కు చెయ్యి గదా అవ్వా. స్కౌటోళ్లం దోస్తులకు గిదే ఇస్తం" అంది.

అప్పుడు స్కౌట్లు నిజాం పేర ఒట్టు పెట్టుకునేవాళ్లట, ఇప్పుడు దేశం పేర. చెయ్యి మాత్రం మారలేదు. ఆ ఒక్క ముక్క అన్న చెప్తే ఏం పోయేది? ఒక్కసారి ఎందుకని అడిగితే నాదేం పోయేది? ఇన్నేళ్లూ వాడి మీద అలిగే ఉన్నాను, ఉత్తపుణ్యానికి.

నేను చెప్పిందంతా రాసినవా బిడ్డా? నా కోపం తగ్గించి రాసినవా ఏంది? ఏదీ, ఓసారి చదివి వినిపియ్యి.