నీలం వెనక సాయంత్రం

ఆ గ్రంథాలయంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. అందరికీ లెక్కలమ్మే. గుమ్మం పక్కన బల్ల వేసుకుని, లోపలికొచ్చిన ప్రతి మనిషికీ కాగితం మీద ఒక గీత గీయడం పంతొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం. ఎవరు గొడుగు మరిచిపోతారో, ఎవరు పేజీ మడిచి పెడతారో కూడా ఆమెకు కంఠతా వచ్చు. కంప్యూటర్ వచ్చాక సాయంత్రం గీతలు, ఉదయం గీతలు విడివిడిగా అంకెలు చేసి అందులో ఎక్కించాల్సి వచ్చింది.

పొద్దున రాగానే నిన్న సాయంత్రం గీతలు లెక్కపెట్టి స్ప్రెడ్‌షీట్‌లో కొట్టేది. మధ్యాహ్నం భోజనం చేశాక ఆ రోజు ఉదయానివి. అందుకే ఆమె పట్టికలో సాయంత్రం ముందు, ఉదయం తర్వాత. లోకమంతా ఉదయంతో మొదలుపెడితే మా లెక్కలమ్మ సాయంత్రంతో మొదలుపెట్టేది. దానికెవరూ అభ్యంతరం చెప్పలేదు, అధికారిగారు చార్ట్ అడిగేదాకా.

"ఇన్ని అంకెలు ఎవరు చదువుతారమ్మా? రంగులు నింపిన ఏరియా చార్ట్ వేసి పంపండి. సాయంత్రం పూట హాలు తెరిచి ఉంచాలో మూసెయ్యాలో కమిటీ తేలుస్తుంది" అన్నారాయన సోమవారం. ఆమె ఎలాగో తంటాలు పడి వేసి, సరిగ్గా చూడకుండానే పంపేసింది.

శుక్రవారం పొద్దున ఫోనొచ్చింది. "ఇదేంటమ్మా, సాయంత్రం పురుగు కూడా రావట్లేదుగా! చార్ట్ నిండా ఉదయమే. మూడింటికి మీటింగు."

ఆమెకు ఒళ్లు మండింది. పురుగు కూడానా? రోజూ నలభై మంది! పగలంతా కుట్టుమిషన్ తొక్కి పరీక్షకు చదువుకోవడానికి వచ్చే అమ్మాయిలు, డ్యూటీ దిగి నేరుగా వచ్చే కండక్టరు, పేపరు మొహాన కప్పుకుని ప్రశాంతంగా కునుకు తీసే పెయింటరు. వీళ్లంతా ఏమైపోయారు? తెర మీద ఉన్నదల్లా నీలం రంగు గుట్ట. తాను ఆకుపచ్చ వేసిన సాయంత్రం, ఉదయమంతా వాన పడిన ఒక రోజు దగ్గర మాత్రం చిన్న మొనలా పైకి పొడుచుకొచ్చింది.

రైట్ క్లిక్ కొట్టింది. చార్ట్ వెనకంతా ఎర్రబడింది. ఇంకోటి నొక్కింది. తేదీలన్నీ అడ్డదిడ్డంగా వాలాయి. వెనక్కి తెచ్చే బటన్ నొక్కి నొక్కి వేలు నొప్పిపుట్టింది గానీ నీలం అంగుళం కదల్లేదు. "నా మనుషుల్ని మింగేశావు కదే!" అని మౌస్‌ను బల్లకేసి కొట్టింది. చివరికి బట్టల మిల్లు ఆఫీసులో పనిచేసే ఆడపడుచుకు ఫోన్ చేసింది.

అంతా విని ఆడపడుచు నవ్వింది. "వదినా, ముందు నీ కోపం దించు. సాయంత్రం ఎక్కడికీ పోలేదు, ఉదయం వెనకాల దాక్కుంది. ముందు రాసిన వరుసని అది ముందు పరుస్తుంది. తర్వాతది తెచ్చి దాని మీద కప్పేస్తుంది."

"అంటే, నేను ముందు రాయడం వల్లే?"

"అంతే మరి. సెలెక్ట్ డేటాలోకెళ్లి సాయంత్రాన్ని ఉదయం కిందికి జరుపు. రంగు కాస్త పల్చన చెయ్యి, రెండూ కనపడతాయి."

జరిపింది. ఆకుపచ్చ ఒక్కసారిగా నీలం ముందుకొచ్చి నిలబడింది. ఆమెకు సంతోషం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది. ఇన్నేళ్లూ సాయంత్రానికి తాను వేసిన పెద్దపీటే దాన్ని కప్పెట్టిందని మనసు పీకింది. ప్రింటు తీసుకుని ఆటోలో పడి, రెండూ నలభైకల్లా అధికారిగారి గదిలో ఉంది.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "అరె, ఇంతమంది వస్తారా! ముందే ఇలా పంపాల్సిందమ్మా. ఒకాయనకి రైలు టైమైందని కమిటీ ఒంటిగంటకే కూర్చుంది. సంతకాలు కూడా అయిపోయాయి."

"తప్పు నాదే సార్. ఇప్పుడు చూశారుగా, మార్చండి."

"సంతకాలయ్యాక ఎలా మారుస్తాం? ఒకటో తారీఖు నుంచి సాయంత్రం మూసేస్తాం. మూడు నెలల తర్వాత ఇంకో చార్ట్ పంపండి. అందులోనూ సాయంత్రం ఇలాగే ఉంటే మళ్లీ తెరుద్దాం."

ఆమె కాసేపు ఆయన మొహంలోకే చూసింది. నవ్వుతున్నారేమోనని. నవ్వడం లేదు.

"తలుపేసిన హాల్లో ఎవర్ని లెక్కపెట్టమంటారు సార్? సున్నాకి ఏ రంగు వెయ్యమంటారు?"

ఆయన ఫైలు మూసి, తర్వాత మాట్లాడదామన్నారు.

ఆ సాయంత్రం నలభై మూడు మంది వచ్చారు. లెక్కలమ్మ ప్రతి గీతనూ కాగితం చిరిగేటట్టు గీసింది.