ఒంటిచేత్తో విడిపోయే ముడి

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. తెలిపారా బజారులో స్టీలు సామాన్ల కొట్టు నాది. పలచటి గిన్నెను మందపు గిన్నె అని చెప్పి అమ్మినవాడిని. కానీ లాభం లేని అబద్ధం ఇంతవరకూ ఆడలేదు. ఈ సంగతి చెబితే నాకు ఒరిగేదేమీ లేదు... చెప్పిన ప్రతిసారీ ఒంట్లో సత్తువ పోవడం తప్ప.

మా ఆవిడ పార్వతి పోయాక వచ్చిన మొదటి చలికాలం అది.

పార్వతి గూడ్సు బండి డ్రైవరు కూతురు. పుట్టింటి నుంచి సొట్టలు పడ్డ ఒక అల్యూమినియం డబ్బా తెచ్చుకుంది. వాళ్ళ నాన్న డ్యూటీకి అన్నం పట్టుకెళ్ళిన డబ్బా. స్టీలుది కొత్తది ఇస్తాను, దాన్ని పాత సామాన్లలో పడేయమని ఎన్ని రకాలుగా బేరమాడినా లొంగలేదు. అంత పెద్ద బేరగాణ్ణి, ఇంట్లో ఒక సొట్ట డబ్బా దగ్గర ఓడిపోయాను.

ఆ డబ్బాను గుడ్డలో చుట్టి ఒక ముడి వేసేది. ఇంజను ఎంత కుదిపినా వదులవదు. అదే, డ్రైవరు ఒక చెయ్యి పనిలో ఉన్నా రెండో చేత్తో కొస పట్టి లాగితే... చటుక్కున విడిపోతుంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. ముడి పడ్డాక మూత మీద అరచేత్తో తట్టేది. టప్... టప్. ఇక బయల్దేరండి అన్నట్టు. మా అమ్మాయి నీలూకి నేర్పాలనుకునేలోపే మంచాన పడింది.

పార్వతికి ఒక కోరిక ఉండేది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మైకల్ కొండల్లో రెండు జలపాతాలు దాటించి, పైనున్న రేకుల గుడిసె దాకా తీసుకెళ్ళాడట. ఆ గుడిసె అరుగు మీద కూర్చుని మళ్ళీ ఒక్కసారి అన్నం తినాలని.

ఆ సాయంత్రం సర్కండాలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని మర్నాటి కొండ ప్రయాణం సంగతి మాట్లాడుకుంటున్నాం. నీలు ఫోన్లో దారి చూపిస్తోంది.

"తెల్లవారుజాము బండికి పెండ్రా రోడ్. అక్కణ్ణించి జీప్. మొదటి జలపాతం దాకా రస్తా సీదా ఉంటుంది నాన్నా. రెండోదాని పక్కనించి అసలు ఎక్కుడు. మధ్యాహ్నానికి గుడిసె. అమ్మ చెప్పిన అరుగు మీదే తిందాం. చీకటి పడకముందే దిగిపోవాలి. పక్కా కదా?"

"రాళ్ళు తడిగా ఉంటాయేమోనమ్మా."

"మీ నాన్న కొండతో కూడా బేరమాడతన్నాడే" అన్నాడు సూరిబాబు. పార్వతి తమ్ముడు, లోకో షెడ్డులో పని. "సగం ఎత్తుకి ఇచ్చీమంటాడు."

"మోకాలురా..."

"ఏటి మోకాలు బావా? కొట్లో పొద్దస్తమానం నించోడానికి లేదేటి ఆ నొప్పి?"

నీలు నవ్వలేదు. "ఈసారీ మానేస్తే నేనొక్కదాన్నే వెళ్తాను" అంది.

అప్పటికే ఒకసారి వాన అన్నాను. ఒకసారి కొట్టులో సరుకు దిగుతోందన్నాను. అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొట్టు మీద పెరిగినవాడికి ఒకటి తెలుసు. బేరం తెగని మనిషి మళ్ళీ వస్తాడు. తెగిందా... ఇక అటు తిరిగి చూడడు. పార్వతి నన్ను అడిగినవాటిలో మిగిలింది ఆ కొండ ఒక్కటే. అది కూడా తీర్చేస్తే... ఆవిడకి నాతో ఇక పనేముంటుంది?

సూరిబాబు నైట్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. నీలు పులిహోర కలిపి ఆ డబ్బాలోనే సర్దింది. చల్లారాలని మూత ఓరగా పెట్టి, వంటింటి గట్టు మీద ఉంచి, పక్కన గుడ్డ మడిచి పెట్టింది. నా మంచం కిందే పరుపు వేసుకుని పడుకుంది.

కాసేపటికి కరెంటు పోయింది.

ఫ్రిజ్జు మోత ఆగిపోయింది. అది ఆగాక గాని ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియలేదు. అరపా నది అవతల ఏదో గూడ్సు కూత పెట్టింది... అదీ పోయింది.

చీకట్లో మెల్లగా అన్నాను. "పార్వతీ... ఈసారికి వద్దులే. వేసవిలో చూద్దాం."

వంటింట్లో మూత కదిలింది.

ఎలుక అనుకున్నాను. కానీ ఎలుక మూతను నెట్టేస్తుంది... ఇది మూత పెట్టిన చప్పుడు. సొట్ట దగ్గర కాస్త పట్టి, ఆ తరవాత లోపలికి దిగే చప్పుడు. ఎన్నేళ్ళు విన్నానో.

నీలు లేచిందేమో... మంచం మీద నుంచి చెయ్యి కిందికి చాపాను. వేళ్ళకు జుట్టు తగిలింది. ఊపిరి నెమ్మదిగా తీస్తోంది. నిద్రలో ఉంది.

వంటింట్లో గుడ్డ జరిగింది. స్స్... ఒక కొస. స్స్... రెండో కొస. బిగించి లాగిన చప్పుడు.

తరవాత ఏం వినపడాలో నాకు తెలుసు. వినపడకూడదని దండం పెట్టుకున్నాను. వినపడాలని కూడా పెట్టుకున్నాను.

టప్...

టప్.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఫ్రిజ్జు ఒక్కసారి మూలిగింది. లైటు వెలిగింది. గోడ పట్టుకుని వెళ్ళాను. పెరటి తలుపు గడియ వేసినట్టే ఉంది. గట్టు మీద డబ్బా... ముడి వేసి ఉంది.

పొద్దున్నే నీలు చూసింది. "అరే, నువ్వెప్పుడు నేర్చుకున్నావు నాన్నా?" అంది. నేను చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగున్నాను.

డ్యూటీ దిగి సూరిబాబు మమ్మల్ని సాగనంపడానికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. ఏదో వెక్కిరించబోయి, సంచీలో డబ్బా చూసి ఆగిపోయాడు.

"ఎవలు కట్టినారు బావా?"

"నీకొచ్చా ఈ ముడి?"

"నాకెక్కడ వస్తాది? మా అమ్మ అక్కకే నేర్పింది." వేలితో ముడిని తాకి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బండి కదిలింది.

కొండ ఎక్కాం. మొదటి జలపాతం తుంపర మొహం మీద పడింది. రెండోదాని దగ్గర చేతులూ కాళ్ళూ కలిపి పాకాను. నీలు చెయ్యి అందించింది. డబ్బాను మాత్రం ఆమెకివ్వలేదు.

గుడిసె అరుగు మీద కూర్చున్నాక నీలు గుడ్డ కొస పట్టుకోబోయింది.

"కాస్త ఆగమ్మా."

"ఆకలేస్తోంది నాన్నా."

పొద్దున్నించీ ఏమీ తినలేదు పిల్ల. పెదవులు పాలిపోయి ఉన్నాయి. నాకు అటు చూడక తప్పలేదు. ఒక చేత్తో నీలు భుజం పట్టుకుని, రెండో చేత్తో కొస లాగాను.

విడిపోయింది. అంతే. నా జన్మలో ఏ బేరమూ అంత తేలిగ్గా తెగలేదు.

పులిహోర తింటూ నీలు ఏడ్చింది. కింద నీళ్ళ హోరులో నా ఏడుపు ఆమెకి వినపడలేదనుకుంటాను.

నిద్రమత్తులో నేనే వేశానేమో, అన్నేళ్ళు చూసిన చేతులు కదా అని నాకు నేను చెప్పుకుని చూశాను. అదే నిజమైతే ఇప్పుడెందుకు రావడం లేదు? కొట్టులో గిరాకీ లేనప్పుడల్లా ఆ గుడ్డతో కూర్చుంటున్నాను. బిగిస్తే విడిపోదు. విడిపోయేలా వేస్తే నిలవదు.

నిన్న మళ్ళీ కరెంటు పోయింది. కడిగిన డబ్బా, మడిచిన గుడ్డ వంటింటి గట్టు మీదే ఉన్నాయి.

"ఫోన్ లైటు వెయ్యనా నాన్నా?" అంది నీలు.

"కాసేపు ఆగమ్మా" అన్నాను.