పదహారో తప్పు

“తప్పులు దిద్దమన్నారు, దిద్దాను. ఇప్పుడు దిద్దడమే తప్పంటే ఎలా నాయనా?”

“మేం కావాలని పెట్టిన తప్పులు పదిహేను, మేడమ్. మీరు దిద్దింది పదహారోది. అది మేం పెట్టలేదు.”

“పెట్టకపోయినా పడింది కదా! పట్టిచ్చినందుకు థాంక్స్ చెప్పాల్సింది పోయి...”

“కట్టలో అన్నిచోట్లా ఆ తీర్పు నాలుగువందల పన్నెండో పేజీ అనే ఉంది. నాలుగువందల ఇరవై ఒకటని మీకెలా తెలిసింది?”

లైబ్రరీ రెండో అంతస్తులో అద్దాల గది తలుపు సగం తెరిచే ఉంది. పుస్తకాల బండి తోసుకుంటూ పోతున్నవాణ్ణి అక్కడే ఆగిపోయాను. లోపల వెల్మా క్రాట్జర్, ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. ఎదురుగా ట్రెవర్ ఆల్డన్, ఇరవై నాలుగేళ్ళవాడు. హాల్‌బ్రుక్ లా కాలేజీ విద్యార్థులు నడిపే లా రివ్యూ పత్రికకు ఆ ఏడాది, అంటే 1993లో, సంపాదకుడు. ఆ పత్రికలో పేరుంటే జడ్జీల దగ్గర ఉద్యోగాలు వెతుక్కుంటూ వస్తాయి. లేకపోతే వెల్మా వయసు మనిషికి తలుపు తీసేవాడుండడు.

వేరే కాలేజీల నుంచి రెండో ఏడాదిలోకి మారి వచ్చినవాళ్ళు పందొమ్మిదిమంది. పత్రికలో వాళ్ళకి మిగిల్చింది రెండు సీట్లు. మొదటినుంచీ ఇక్కడే చదివినవాళ్ళకి పోటీ మే నెలలోనే అయిపోతుంది. ఆగస్టులో వీళ్ళకి అడుగూడ్చిన మెతుకులు. ఒక కాగితాల కట్ట ఇచ్చి, పగలంతా కాపలా ఉన్న గదిలో కూర్చోబెడతారు. నాలుగు రోజుల్లో ఒక తీర్పు మీద వ్యాసం రాయాలి, తప్పులు పొదిగిన నాలుగు పేజీలు దిద్దాలి. కట్ట దాటి ఒక్క పుస్తకం తెరిచినా దొంగతనమే. కట్టలో ఉన్నదే లోకం.

ఈ పోటీ అంటేనే నాకు రోత. చదువు మధ్యలో మానేసినవాడి ఏడుపు అనుకుంటే అనుకోండి. చల్లారిన పిజ్జా కంపులో, పక్కవాడి మొహం చూడకుండా, పెద్ద పెద్ద మనుషులు కూర్చుని కాగితానికి పేలు ఏరుతుంటే ఇంకేమనిపిస్తుంది?

“ఎలా తెలిసిందంటే...” వెల్మా కళ్ళు మూసుకుంది. పది వేళ్ళూ బల్ల మీద టకటకా కదిలాయి. “ఇలా తెలిసింది.”

ట్రెవర్ నవ్వాడు. “ఇదేంటి, పియానోనా?”

పియానో కాదు. ధాన్యం గోదాములో బస్తాలు మోసేవాడి కూతురు వెల్మా. పంతొమ్మిదో ఏట ఒహాయోలో ఒక జిల్లా కోర్టులో టైపిస్టుగా చేరి, పదిహేడేళ్ళు అద్దె ఇళ్ళు ఖాళీ చెయ్యమనే నోటీసులు కొట్టింది. ప్రతి నోటీసు అడుగునా ఇప్పుడు కట్టలో ఉన్న ఈ తీర్పే, నాలుగువందల ఇరవై ఒకటో పేజీయే. నోటీసు పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చి ఏడ్చేవాళ్ళకి, “ఇదిగో, ఈ తీర్పు ప్రకారం నీకింకా గడువుందమ్మా, మంచం బయట పెట్టకు” అని చెప్పేది. “నువ్వు టైపిస్టువా, లాయరువా?” అని ఒక జడ్జి అందరి ముందూ గద్దించాడట. “ఆ మాట పట్టుకునే సాయంత్రపు లా కాలేజీలో చేరాన్రా” అని నాతో అంది ఓసారి, మెట్ల మీద శాండ్‌విచ్ తింటూ. అక్కడ క్లాసులో మొదటి స్థానం తెచ్చుకుని ఇక్కడికి మారింది.

“నిన్న మేం పుస్తకం తీసి చూశాం” అంటున్నాడు ట్రెవర్. “మీరు వేసిందే కరెక్టు. అదే మీకు చేటు. తప్పు అంకె వేసుంటే ఒక మార్కు పోయేది, అంతే. చూడకుండా కరెక్టు ఎలా వేస్తారు?”

ఒక కాగితం ముందుకు జరిపాడు. పొరపాటున పుస్తకం చూశానని సంతకం పెట్టి పోటీ నుంచి తప్పుకుంటే విషయం అక్కడితో సరి. లేదంటే గురువారం క్రమశిక్షణ కమిటీ. అక్కడ తప్పు తేలితే కాలేజీ నుంచే గెంటేస్తారు.

“చూడనిదాన్ని చూశానని రాయమంటావు. అదీ లా కాలేజీలో కూర్చుని.”

“మీ మంచికే చెప్తున్నాను, వెల్మా.”

మేడమ్ పోయి వెల్మా అయింది. అంకెలు తారుమారు చేసింది వీళ్ళ మనిషి. అచ్చుకిచ్చే ముందు సరిచూడనిది వీళ్ళు. ఆ మాట ఒప్పుకోవడం కన్నా పనిచేసి నేర్చుకున్న మనిషిని దొంగని చెయ్యడం వీళ్ళకి తేలిక.

వెల్మా సంతకం పెట్టలేదు. కాగితాన్ని వాడివైపే తోసేసి బయటికొచ్చింది. మెట్ల దగ్గర అడ్డంపడ్డాను.

“ఆ తీర్పున్న సంపుటం పోటీ నాలుగు రోజులూ లైబ్రరీలోనే లేదక్కా. అట్ట ఊడితే బైండింగుకి పంపింది నేనే. పోయిన తేదీ, వచ్చిన తేదీ చీటీలో ఉన్నాయి.”

ఆమె మెట్టు మీద కూలబడింది.

“గురువారం నేనొస్తా” అన్నాను. “నీ పదిహేడేళ్ళ కష్టం, ఆ కిటికీ, ఆ ఏడ్చేవాళ్ళు, అన్నీ చెప్పి ఆ వెధవల మొహాలు మాడ్చేస్తా.”

“నోర్ముయ్, గస్. రావాలి, చీటీ తేవాలి. కానీ నా గురించి ఒక్క మంచి మాట మాట్లాడావంటే ఊరుకోను. పాపం, కష్టపడిన మనిషని వదిలేశాం అని చెప్పుకుంటారు. వాళ్ళ జాలి నాకొద్దు. ఆ రెండు తేదీలూ చదివి కూర్చోరా, చాలు.”