లేని కోడ్‌లో పదకొండు రోజులు

మా ఆఫీసులో ఆవిడను అందరూ దశాంశమ్మ అనేవాళ్లం. మేము ఆసుపత్రులకు మందు ఎక్కించే పంపులు తయారుచేస్తాం. వాటిలోని చవక చిప్‌కు పూర్ణాంకాలే తెలుసు, చుక్క ఉన్న అంకె కనిపిస్తే తెల్లమొహం వేస్తుంది. ఆ చుక్కల లెక్కలన్నీ సి భాషలో రాసి, లైబ్రరీగా, అంటే ఏ పంపులోనైనా కలుపుకోగల కోడ్ మూటగా, కట్టి ఇచ్చింది ఆవిడే. పద్నాలుగేళ్లలో దానికి ఎవరూ వంక పెట్టలేదు.

కొత్త మోడల్ మాత్రం ఎనిమిది గంటల పరీక్షలో, తెర మీద చూపిన లెక్కకంటే రెండు మిల్లీలీటర్లు ఎక్కువ మందు వదిలింది. పరీక్షించింది నేనే. "మీ కూడికలోనే లోపం ఉన్నట్టుంది. రెండు వారాల్లో తేలకపోతే మీ పొరపాటేనని సంతకం పెట్టండి," అన్నాడు మేనేజరు ఆవిడతో. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి ఆ మచ్చతో వెళ్లాలి. తప్పు ఆవిడదేనని నేనూ అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆవిడ పక్క కుర్చీ తమ్ముడిది. సొంత తమ్ముడు కాదు. తొమ్మిదేళ్ల కిందట చేరిన రోజు "లింకర్ అంటే ఏంటక్కా?" అని అడిగి తమ్ముడైపోయాడు. వాడికి కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో వాడి భార్య పక్కన మూడు రోజులు ఉన్నది ఈవిడే. కోడ్ ముక్కలన్నిటినీ ఏ వరసలో కలపాలో ఆ లింకర్‌కు చెప్పే స్క్రిప్టును నాలుగేళ్ల కిందట వాడికి అప్పగించింది, మళ్లీ తెరిచి చూడలేదు.

పదకొండు రోజులు వెతికారు. ఆవిడ చెబితే వాడు, కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్ ఆప్షన్లు ఒక్కొక్కటే మార్చేవాడు. తప్పు చెక్కుచెదరలేదు. వాడే టీ తెచ్చేవాడు. "నీ రౌండింగ్ దగ్గర ఇంకోసారి చూద్దామా అక్కా?" అనేవాడు.

పన్నెండో రోజు పొద్దున, వాడింకా రాకముందు, విసిగిపోయిన ఆవిడ తన కూడికలో కావాలనే తప్పు పెట్టింది. ఏ రెండు కలిపినా సున్నా రావాలి. పంపులోకి ఎక్కించి నన్ను పిలిచింది. పంపు నిమ్మళంగా నడుస్తోంది, తెర మీద లెక్క పెరుగుతూనే ఉంది.

"నా కోడ్ ఉంటే సున్నా దగ్గరే ఆగాలి కదా!" అంది.

లింకర్ రాసిపెట్టే మ్యాప్ ఫైలు తెరిచింది. ఏ పని ఏ లైబ్రరీ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. కూడిక, గుణకారం, భాగహారం అన్నీ వేరే లైబ్రరీవి. అది చిన్నది, చివరి అంకెను సవరించకుండా కోసిపారేసే రకం. స్క్రిప్టు తెరిచి చూస్తే, దాన్ని ఆవిడ లైబ్రరీకంటే ముందు పెట్టి ఉంది. లింకర్ ముందు దొరికినదాన్నే తీసుకుంటుంది. కొత్త రంగుల తెరకు చిప్‌లో చోటు చాలక ఐదు నెలల కిందట చేసిన మార్పు అది. చేసినవాడి పేరూ అక్కడే ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దశాంశమ్మ పట్టింది.

వాడు టీ కప్పులతో వచ్చి, ఆ ఫైలు చూసి ఆగిపోయాడు.

"నీకు తెలుసా?" అంది ఆవిడ.

"చెబుదామనే అనుకున్నానక్కా..."

"లేని కోడ్‌లో నేను వెతుక్కుంటుంటే పక్కనే కూర్చున్నావు కదరా!"

"నీకింక రెండేళ్లే కదక్కా సర్వీసు. నీ సంతకంతో పోతే ఎవరికీ నష్టం లేదనుకున్నా."

ఎవరికీనట! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం అరవలేదు. మ్యాప్ ఫైలు ప్రింటు తీసింది. మేనేజరు ఇచ్చిన కాగితం మీద 'నా పొరపాటు' అన్నచోట, 'నాలుగేళ్లు స్క్రిప్టు తెరిచి చూడకపోవడం' అని రాసి, సంతకం పెట్టి లేచింది.

"అక్కా, ఒక్క మాట..." అంటూ వాడు అడ్డం వచ్చాడు.

"మేడమ్ అనండి," అంది.