డ్రమ్ము మేస్త్రి పడవెక్కిన రోజు

పడవ మోటార్లు బాగుచెయ్యడంలో ఆయన్ని మించినవాడు ఆ సరస్సు చుట్టుపక్కల లేడు. నీళ్లంటే ఆయనకున్నంత భయం కూడా ఇంకెవరికీ లేదు. ఏ మోటారు వచ్చినా షెడ్డులోనే నీళ్ల డ్రమ్ములోకి దించి, షెడ్డు పెట్రోలు ట్యాంకుకే గొట్టం తగిలించి నడిపి చూస్తాడు. చస్తే పడవెక్కడు. అందుకే డ్రమ్ము మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది.

ఈ వారం మాత్రం ఆయన కంటికి కునుకు లేదు. కూతురు నర్సు. రోజూ మందుల పెట్టె పట్టుకుని సరస్సు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాలి. ఆమె పడవకున్నది ఆమె పుట్టకముందు కొన్న పాత మోటారు. అది మూడుసార్లు నడిసరస్సులో ఆగిపోయింది. మొన్నయితే ఎదురుగాలిలో గంటసేపు తెడ్డు వేసి, అరచేతులు బొబ్బలెక్కి ఇల్లు చేరింది.

మూడుసార్లూ, పెట్రోల్లో గాలి కలిపే కార్బ్యురేటర్ విప్పాడు. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్టులో గాలి ఊదాడు. లోపల తేలే ఫ్లోటులోకి పెట్రోలు దూరిందేమోనని చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. మచ్చుకైనా చెత్త లేదు. డ్రమ్ములో పెడితే ఆ మోటారు బుద్ధిగా గంట నడుస్తుంది, సరస్సులో పది నిమిషాలకే మొరాయిస్తుంది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

“ఇవాళ్టికి మానెయ్యవే తల్లీ,” అన్నాడు.

“అక్కడొకమ్మాయికి నెలలు నిండాయి నాన్నా. ఎలా మానేది?”

“మళ్లీ ఆగిపోతే?”

“నువ్వొచ్చి చూడు. సరస్సులో వచ్చే రోగం డ్రమ్ములో ఎలా దొరుకుతుంది?”

ఆయన చెప్పులు విడిచి, పాకుతూ పడవెక్కాడు. ఒడ్డు దూరమవుతున్నకొద్దీ భయం పెరిగింది. కూతురి ముందు బయటపడకూడదని వాచీ చూస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా పది నిమిషాలకు మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పడవ ఒక్క ఊపు ఊగింది. మేస్త్రి కెవ్వుమని, చేతికందిన పడవ పెట్రోలు ట్యాంకును వాటేసుకున్నాడు. దాని రేకు లోపలికి పీక్కుపోయి ఉంది! గబగబా మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి వెళ్లింది, రేకు టప్పుమని మళ్లీ పైకి లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది. గాలి ఆడటానికి ఆ మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. పోయినవారం వాన నీళ్లు పెట్రోల్లో పడకుండా రబ్బరు ముక్క అతికించి దాన్ని మూసింది తనే. గాలి చొరక, పెట్రోలు కార్బ్యురేటర్ దాకా రావడం మానేసింది. డ్రమ్ములో ప్రతిసారీ వాడింది షెడ్డు ట్యాంకాయె, దాని మూతకు ఏ రబ్బరూ లేదాయె.

గోటితో రబ్బరు పీకాడు.

“కార్బ్యురేటర్ తప్పేం లేదమ్మా. అంతా నేను చేసిందే. మొన్న నీ చేతులు అలా అయింది నావల్లే.”

కూతురు ఆ బొబ్బల చేతులతోనే తాడు లాగింది. మోటారు అందుకుంది.

“నిన్ను వెనక్కి దించి వెళ్లనా నాన్నా?”

ఆయన షెడ్డు వైపు ఒక్కసారి ఆశగా చూశాడు.

“వద్దు. అక్కడ నీకోసం చూస్తుంటారు, పోనియ్,” అని రెండు చేతులా కూర్చున్న బల్లను గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.