గిన్నె అడుగున గీత

పోయిన నెల ఒక సోమవారం పొద్దున షోలాపూర్ దాజీ పేట్ నుంచి ఫోన్ వచ్చింది. మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, మగ్గం గుంటలో కూర్చున్నచోటే తలవాల్చేశాడట. నేను వెళ్లేసరికి మగ్గం మీద చీర దాదాపు అయిపోయి ఉంది, కొసన రెండు ఎర్రపోగులే తక్కువ. పక్కన బంగారు అంచు పింగాణీ గిన్నెలో పెద్దమ్మ చుట్టిన నూలు కండెలు ఇంకా నానుతున్నాయి.

మిల్లు దొర బంగళా ఖాళీ చేసినప్పుడు మా తాతకు దొరికిన గిన్నె అది. ఇంకొకరైతే అద్దాల బీరువాలో పెట్టేవారు. పెద్దబాపు అందులో నూలు తడిపేవాడు. "బంగారు గిన్నెల కండెలు నానేసేటోడు షోలాపూర్ల ఇంకెవడున్నడురా?" అని మీసం దువ్వేవాడు.

ఒకసారి పుణె నుంచి పాత వస్తువులు కొనే ఆయన వచ్చి దాన్ని తిరగేశాడు. అడుగున కంపెనీ ముద్ర, పక్కనే సన్నటి బంగారు గీత. ఆ గీత అంచుకు బంగారం పూసిన పనివాడిదట. ఏ దేశంలోనో రోజంతా అంచులు దిద్దిన కూలివాడు, పేరు రాసుకునే హక్కు లేక ఎవరూ చూడనిచోట గీత గీసుకున్నాడట. పెద్దబాపు గిన్నె అమ్మలేదు. "వాడు గూడ మనోడే," అన్నాడు.

మర్నాటి నుంచి ప్రతి చీర లోపలి కొసన రెండు ఎర్రపోగులు నేశాడు. నూలిచ్చే సావుకారు అది నేతలో తప్పనుకుని ఒక చీర వాపసు తెచ్చాడు.

"తప్పు కాదు సావుకారీ, దస్కతు."

"దస్కతు లేదు గిస్కతు లేదు. మళ్ల పెడితే నూలు బంద్."

"బంద్ జెయ్యి."

మగ్గం నెలరోజులు మూగబోయింది. పెద్దమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. చివరికి సావుకారే నూలు మోసుకొచ్చాడు. ఎర్రపోగుల చీర ఏదని గిరాకీలు అడుగుతున్నారట! ఆ రోజు మా గల్లీ అంతా కాలరెగరేసింది. నేనిప్పటికీ ఎగరేస్తాను.

రెండు పోగులెందుకని అడిగితే నాకొక్కడికే చెప్పాడు. "ఒకటి నాది. మీ పెద్దమ్మ కండె చుట్టకుంటే చీరెట్లయితదిరా? ఇంకోటి ఆమెది. చెప్పకు, నెత్తికెక్కుతది."

ఆయన పోయిన పదకొండో రోజు ఆ మాట పెద్దమ్మకు చెప్పేశాను. ఆమె రెండూ ఆయనవేననుకుందట.

"ఒక్కనాడన్న చెప్పిండా ముసలోడు!" అంది.

లేచి ఎర్ర కండె చుట్టి, ఆ గిన్నెలో తడిపింది. ఇన్నేళ్లూ మగ్గం గుంట ఒడ్డున కూర్చున్న మనిషి మొదటిసారి గుంటలోకి దిగింది. పోగును మోసే నాడె అటు వెళ్లింది, అది ఆయన పోగు. నాడెను ఇటు తిప్పే ముందు చేతులు కొంగుకు తుడుచుకుంది.