ముఖం కనబడని బొమ్మ

మా శామీర్‌పేట చెరువులో తీసిన ఒక సినిమాకు యాభై ఏళ్ళు నిండాయని తెలియగానే, మా చిన్న గ్రంథాలయంలో ప్రదర్శన పెట్టాలని నిర్ణయించేశాను. నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే ఇక్కడ దుమ్ము కూడా కదలదు. పాత సినిమా వారపత్రికలు ఏడాదికో బైండు చొప్పున మా దగ్గరున్నాయి. థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలనైతే ఒక పాఠకుడు కలిపి కుట్టించి ఇచ్చిపోయాడు. ఇంకేం కావాలి? ఆ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చే దృశ్యం కోసం, బొమ్మ వెతక్కుండానే దాని కింద పెట్టే చీటీ రాసేశాను: ‘తెప్ప మీద నాయిక’.

బల్లలు సర్దుతుంటే, తూంకుంటలో మా కాలనీకి చేపలు తెచ్చే అవ్వ ప్రదర్శన సంగతి విని, గంప గుమ్మం బయటే దించి లోపలికి వచ్చింది. వెంట డిగ్రీ చదివే మనవరాలు ఉంది.

“బిడ్డా, గా సిన్మల తెప్ప మీద నిలవడ్డది నేనే,” అంది అవ్వ. “గా హీరోయిన్‌కు నీళ్ళంటే మస్తు భయం. గామె చీర నాకు కట్టిచ్చి నడి చెరువుల దాక పంపిన్రు.”

“సాలు తియ్యవ్వా!” మనవరాలు నవ్వింది. “ఊకె గదే ముచ్చట మేడం. మా ఇంట్ల ఎవ్వలూ నమ్మరు.”

అవ్వ నవ్వలేదు. “మీ తాత ఉంటే జెప్తుండె. ఇగ నాకు సాక్షం ఎవలున్నరు?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లో మనిషి ఇన్నేళ్ళుగా ఒకే మాట చెబుతుంటే నమ్మడానికి అంత కష్టమా? “సాక్ష్యం నేను చూపిస్తాను, కూర్చో అవ్వా,” అన్నాను. ఆ ఏడాది వారపత్రికల బైండు తీసి ధీమాగా తెరిచాను. షూటింగ్ విశేషాల పేజీ మధ్యలో నలుచదరపు కన్నం ఉంది. బ్లేడు పని! నాయికల ముఖాలు మా గ్రంథాలయంలో ఎన్నడూ నిలవలేదు. అన్నీ ఎవరెవరి ట్రంకు పెట్టెల మూతలకో అంటుకుని ఉంటాయి. వాళ్ళ చేతులు పడిపోనూ అని పైకే తిట్టాను.

“పోనీ తియ్ బిడ్డా,” అంటూ అవ్వ గంప వైపు నడిచింది. ఆ గొంతు విని నిజంగా బాధేసింది.

కానీ నేను అంత తొందరగా వదిలే మనిషిని కాను. బ్లేడు దొంగలకు కావలసింది ముఖం. ముఖం కనబడని బొమ్మ జోలికి వాళ్ళెందుకు పోతారు? అవ్వను ఆగమని, పాటల పుస్తకాల బైండు తీసి ఆ సినిమా పుస్తకం వెనక అట్ట చూశాను. చెక్కుచెదరలేదు. నడి చెరువులో తెప్ప, దాని మీద మనకు వీపు పెట్టి గడకర్ర పట్టుకున్న ఆడమనిషి. చాపిన కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు.

మనవరాలి నవ్వు ఆగిపోయింది. అవ్వ కుడి చేయి పట్టుకుని అట్ట పక్కన పెట్టింది. ముడతలు పడ్డ చర్మం మీద అదే తేలు.

“రోజు గీ చేత్తోనే గదనే నాకు అన్నం బెట్టేది,” అంది మెల్లగా.

“గిప్పుడన్న నమ్ముతవా?” అంది అవ్వ.

మనవరాలు నా బల్ల మీది పెన్ను అందుకుని, చీటీలో ‘నాయిక’ కొట్టేసి ‘మా అవ్వ’ అని రాసింది.